నాలుగు తీగల చుట్టూ

పోయిన నెల కోడుమూరులో ఒక సభకు వెళ్ళాను. మూఢనమ్మకాల మీద మాట్లాడమని పిలిచారు. నన్ను ఇంక దేని మీదా పిలవరు. యాభై ఏళ్ళుగా అదొక్కటే మాట్లాడుతున్నాను కాబట్టి వేరేది రాదనుకుంటారు, నిజం కూడా అదే. నాలుగింటికి సభ అంటే మూడున్నరకే పోయి కూర్చునే అలవాటు నాది. పిలిచినవాళ్ళు ఐదింటికి వస్తారు. ఆ రోజూ అంతే. ఖాళీ కుర్చీల మధ్య ఒక్కణ్ణే కూర్చుని, నిమ్మకాయ సోడా తాగుతూ, షామియానా వేసే మనిషిని చూస్తున్నాను. యాభై ఏళ్ళవాడు, నెత్తికి తువ్వాలు చుట్టుకున్నాడు. గుడ్డ లాగి కట్టడం అయిపోయాక నాలుగు మూలల తాళ్ళ దగ్గరికీ ఒకదాని తర్వాత ఒకదానికి వెళ్ళాడు. తాడు మీద అరచెయ్యి ఆనించి, తల కొంచెం వంచి, ఒక్క క్షణం ఆగి, వేలితో మీటాడు. రెండో మూల దగ్గర మొహం చిట్లించి, మేకును రెండు దెబ్బలు వేసి, మళ్ళీ మీటి చూశాడు. "ఏమప్పా, గాలే లేదు గదా, ఎందుకంత చూస్తాండావు?" అని అడిగాను. "గాలి మనకు చెప్పి వస్తాదా సార్? కింద కూసునేది మీరు," అన్నాడు తల తిప్పకుండానే. సోడా సీసా కింద పెట్టాను. ఆ నడక, ఆ చెయ్యి, ఆ తల వంచడం నేను ఇంతకు ముందొకసారి చూశాను. చూసి, దాని మీద నాలుగు పేజీల వ్యాసం రాసి, చప్పట్లు కొట్టించుకున్నాను.

రెండువేల ఆరు, ఏడు సంవత్సరాల మాట ఇది. అప్పుడు నేను కర్నూలులో జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఇనుప గుండును వేడిచేసి, అది రింగులోంచి దూరకపోవడం చూపించి, "వేడికి లోహం సాగుతుంది" అని పిల్లల చేత రాయించేవాణ్ణి. సెలవు రోజుల్లో ఊళ్ళ మీద పడి నాలుక మీద కర్పూరం వెలిగించి, ఒట్టి గాలిలోంచి విభూతి తీసి, ఇదంతా చేతివాటమేనని విడమరిచి చెప్పేవాణ్ణి. మాది కోడుమూరులో కిరాణా వర్తకుల ఇల్లు. పొద్దున త్రాసుకు పసుపూ కుంకుమా పెట్టకుండా కొట్టు తెరిచేవాళ్ళు కాదు. బొట్టు పెడితే తూకం మారుతుందా అని పదో తరగతిలో నాన్నను అడిగి తన్నులు తిన్నాను. నా సిద్ధాంతానికి ఆ తన్నులే పునాది. ప్రశ్నించండి, ప్రశ్నించండి అని అప్పట్నుంచీ ఊరూరా చెప్తూనే ఉన్నాను. ప్రశ్న వేశాక నోరు మూసుకుని జవాబు వినాలన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆర్మేనియా సార్ అని తర్వాత మేమంతా పిలిచిన మనిషి కర్నూలుకు ఒక సర్కసుతో వచ్చాడు. ఆ సర్కసు కర్నూలులోనే ఆఖరి ఆట ఆడింది. జంతువులు ముందే పోయాయి, జనం తర్వాత పోయారు, చివరికి డేరా కూడా అమ్ముడుపోయింది. మిగతావాళ్ళంతా తలా ఒక బస్సెక్కి వెళ్ళిపోతే, నలభై ఐదేళ్ళ ఈ తెల్లమనిషి ఒక్కడు మిగిలాడు. ఒకనాటి పొద్దున తుంగభద్ర ఇసుకలో చేతుల మీద తలకిందులుగా నిలబడి ఉండగా మా డ్రిల్లు సారు కంటబడ్డాడు. డ్రిల్లు సారంటే హైస్కూల్లో వ్యాయామం చెప్పి రిటైరైన ముస్లిం పెద్దమనిషి, మా వీధిలోనే ఉండేవాడు. "నేను ఆ గట్టుదాకా నడిచి తిరిగొచ్చినా అట్లే ఉండాడప్పా. మనిషా, కంబమా అనుకున్నా," అని ఆ కథ ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. ఇంటికి తీసుకుపోయి మిద్దె మీది గది ఇచ్చాడు. ఈయన ఉర్దూకు, ఆయన సర్కసులో నేర్చుకున్న హిందీకి చక్కగా పొత్తు కుదిరింది. పిల్లలు మొదట్లో "రష్యా సార్" అని పిలిచేవాళ్ళు. ఆయన ప్రతిసారీ చేస్తున్న పని ఆపి, చూపుడు వేలెత్తి, "రష్యా లేదు. ఆర్మేనియా," అనేవాడు. యాడ ఉండాది సార్ అని అడిగితే నేల మీద సున్నపు ముక్కతో అరచేతంత దేశాన్ని గీసి, చుట్టూ కొండలు పెట్టేవాడు. మన ఓర్వకల్లు గుట్టలు చూసిన రోజు పిల్లలతో పాటు ఎగిరి గంతేశాడట, అచ్చం మా ఊరే అని.

ఆయన చరిత్ర మాకు డ్రిల్లు సారు నోట ముక్కలు ముక్కలుగా తెలిసింది. తల్లి చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేది. బిడ్డను ఎక్కడ వదిలి పోవాలో తెలియక ఆరో ఏట వ్యాయామశాలలో వదిలింది. ఆయన ఇక అక్కడ్నుంచి బయటికి రాలేదు. పదహారేళ్ళకే ఆర్మేనియా రిపబ్లిక్ జట్టులో చేరాడు. ఎత్తు కడ్డీ మీద ఊగడంలో ఆయనది పెట్టింది పేరు. సోవియట్ దేశం మొత్తానికి జరిగిన యువకుల పోటీలో ఒకసారి మూడోవాడుగా నిలిచాడు. ఆ పతకం ఏమైందని నేను అడిగితే "రొట్టె అయిపోయింది," అన్నాడు. ఇరవై మూడో ఏట భుజం దెబ్బతింది. ఊగడం మానేసి నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన నేర్పిన పిల్లలు కూడా జట్టులోకి వెళ్ళే వేళకు దేశాలు విడిపోయాయి. ఆ చలికాలాల్లో కరెంటు లేదు, కట్టెలు లేవు. వ్యాయామశాల నేలకు పరిచిన చెక్కలను జనం పీక్కుపోయి పొయ్యిలో పెట్టుకున్నారు. "నేనూ ఒక పలక తెచ్చుకున్నా. మంచి చెక్క, శానాసేపు కాలింది," అని చెప్పి నవ్వాడట. తర్వాత సర్కసు, దేశాలు, చివరికి మా కర్నూలు. డ్రిల్లు సారింట్లో ఎండబెట్టిన జొన్నరొట్టె మీద నీళ్ళు చిలకరించి మెత్తబరచడం చూసి ఆయన కళ్ళు తుడుచుకున్నాడని విన్నాను. వాళ్ళమ్మా అలాగే చేసేదట.

వేరుశనగ బస్తాలు నిల్వచేసే పాత గోడౌను ఒకటి ఖాళీగా ఉంటే, ఊళ్ళో అయిదుగురం కలిసి కమిటీ వేసి అందులో వ్యాయామశాల పెట్టించాం. దానికి కార్యదర్శిని నేనే. పైన రేకులు, కింద నాపరాళ్ళ పరుపు, మూలల్లో ఎప్పటిదో వేరుశనగ బుడ్డల పొట్టు. హైదరాబాదులో ఎవరో పక్కన పడేసిన జంట కడ్డీలు తెచ్చాం. ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉంటాయి, ఆడపిల్లలు ఒకదాన్నుంచి ఒకదానికి మారుతూ ఊగుతారు. ఆ కడ్డీలు కదలకుండా నాలుగు వైపులకూ నాలుగు ఇనుప తీగలు లాగి, నేలలో దిగ్గొట్టిన కొక్కేలకు బిగిస్తారు. ఆర్మేనియా సారు నేలను చూసి తల అడ్డంగా ఊపాడు. రాళ్ళు తీసి లోతుగా కాంక్రీటు పోయమన్నాడు. వచ్చే నెల పోయిస్తామన్నాను. చేతులు జారకుండా రాసుకునే తెల్లపొడి కావాలంటే, మా కమిటీలో ఒకాయన బేతంచెర్ల నుంచి ఒక బస్తా ముగ్గుపిండి తెప్పించాడు. సారు చిటికెడు తీసి వేళ్ళ మధ్య రాపాడించి, "ఇంటి ముందుకు మంచిది," అని బస్తాను గౌరవంగా తలుపు పక్కకు జరిపాడు. మూడు నెలల్లో ఆయన తెలుగు మొత్తం మా పిల్లల తెలుగే అయిపోయింది. "ఏమప్పా, కాలు యాడికి పోతాంది? ఈడ ఉండాల, ఈడ," అని ఆ నీలికళ్ళ మనిషి అంటుంటే రోడ్డున పోయేవాళ్ళు తలుపు దగ్గర నిలబడి నవ్వుకునేవాళ్ళు.

ఆ పిల్లల్లో నా మేనకోడలు ఒకతె. మా చెల్లెల్ని ఇచ్చింది కోడుమూరులోనే, మరో కొట్టుకే. బిడ్డను చదువు కోసం నా దగ్గర పెట్టింది. పదమూడేళ్ళది. గోడలెక్కడం, మొగ్గలేయడం తప్ప ఇంకోటి పట్టేది కాదు. నేనే తీసుకుపోయి చేర్పించాను. ఆరు నెలలు తిరగకముందే సారు నాతో, "ఈ పాప వేరే," అన్నాడు. ఆ రెండు మాటలూ ఆయన తెలుగులోనే అన్నాడు, హిందీ కలపలేదు. వచ్చే మే నెలలో హైదరాబాదులో రాష్ట్ర జట్టుకు ఎంపిక ఉందనీ, ఈ పాప తప్పకుండా వస్తుందనీ డ్రిల్లు సారు ద్వారా చెప్పించాడు. మా చెల్లెలు ఫోన్లో ఏడ్చింది. మా బావ, ఆడపిల్లకు ఈ ఎగిరే పనులేందని రోజూ గొణిగేవాడు, ఆ రోజు కొట్లో అందరికీ బెల్లం పంచాడట. పిల్లకు మాత్రం అదంతా పట్టలేదు. దానికి కడ్డీ కావాలి, అంతే. భోజనం చేస్తూ కూడా మంచంకోడు పట్టుకుని మణికట్టు తిప్పుతూ ఉండేది.

ఒకనాడు కాలేజీ నుంచి తొందరగా వచ్చి, దాన్ని పిలుచుకుపోదామని గోడౌనుకు వెళ్ళాను. లోపల నేను చూసింది ఇది. కడ్డీ ఎక్కబోయే పిల్ల ముందుగా కడ్డీల చుట్టూ తిరుగుతోంది. ఒక్కో తీగ దగ్గర ఆగి, అరచెయ్యి ఆనించి, తల వంచి, వేలితో తాకి, కొక్కెం ఉన్న రాయిని కాలి బొటనవేలితో నొక్కి, ఆ చేతివేళ్ళను కళ్ళకద్దుకుంటోంది. నాలుగు తీగలకూ నాలుగుసార్లు. తర్వాతి పిల్లా అంతే. నా మేనకోడలూ అంతే. అన్నిటికన్నా నన్ను మండించింది ఏమిటంటే, చివర్లో ఆర్మేనియా సారు కూడా ఒక చుట్టు తిరిగి, తీగ ముట్టుకుని, పిల్లల్లాగే వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. నేను ఎన్ని సభల్లో చెప్పాను, ఆకాశంలోకి మనిషిని పంపిన దేశంలో పుట్టి పెరిగినవాడు మన ఊళ్ళో ఉన్నాడని. ఆ మనిషి ఇనుప కడ్డీకి ప్రదక్షిణ చేస్తున్నాడు. "సార్, సైన్సు దేశం నుంచి వచ్చి ఇనుముకు మొక్కుతారా?" అని అక్కడే గట్టిగా అడిగాను. ఆయన నవ్వాడు. తల మీద ఒక వేలు పెట్టుకుని, "ఇది మర్చిపోతాది అప్పా," అన్నాడు. అరచెయ్యి చూపించి, "ఇది మర్చిపోదు," అన్నాడు. ఆ రాత్రే వ్యాసం రాశాను. 'ఇనుప కడ్డీకి ప్రదక్షిణలు' అని పేరు పెట్టాను. "చేతికి జ్ఞాపకశక్తి ఉందట! ఇక మెదడును ఏ గోడౌనులో దాచుకోవాలి?" అన్న వాక్యం నాదే. మా హేతువాద సంఘం మాసపత్రికలో అది వచ్చాక కడప నుంచి, అనంతపురం నుంచి మిత్రులు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నేను కమిటీ కూడా పిలిపించాను. వ్యాయామశాలలో ఇలాంటి తంతులు జరగరాదని తీర్మానం పెట్టాను. డ్రిల్లు సారు వెనక బెంచీలోంచి లేచి, "సార్, ఆయప్ప అది పూజ కాదు, తనిఖీ అంటాండాడు. కళ్ళకు అద్దుకునేది మన పిల్లోళ్ళే మొదలుపెట్టినారు, ఆయప్ప కాదు," అన్నాడు. నా దగ్గర దీనికి జవాబు తయారుగా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ జవాబుతోనే వాదాలు గెలుస్తూ వచ్చాను. "ప్రతి మూఢనమ్మకానికీ ఇలాంటి శాస్త్రీయ కారణం ఒకటి తర్వాత అతికిస్తారు సార్. తులసి చుట్టూ తిరిగేవాళ్ళు ఆక్సిజన్ అంటారు, చెవులు కుట్టించేవాళ్ళు నరాలంటారు. తనిఖీయే అయితే పొద్దున ఒకసారి పెద్దవాళ్ళు చూడొచ్చు. పూటకు ఇరవైసార్లు పిల్లలెందుకు?" అన్నాను. అందరూ తలలూపారు. పొద్దున తలుపు తీసినప్పుడు డ్రిల్లు సారు ఒకసారి చూసేట్టు, పిల్లలు తీగల జోలికి పోకుండా ఉండేట్టు రాసుకున్నాం. ఆ మాటను హిందీలో ఆర్మేనియా సారుకు చెప్పింది డ్రిల్లు సారే. ఆయన ఏమన్నాడని తర్వాత అడిగితే, "నేల వైపు చూసినాడు," అన్నాడు.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగింది. మేనకోడలు అన్నం ముందు కూర్చుని, "మామా, కళ్ళకద్దుకోకుండా ఉత్తగా తీగ ముట్టుకోవచ్చా?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న. కమిటీలో అయిదుగురు పెద్దమనుషులకు తట్టనిది పదమూడేళ్ళ పిల్లకు తట్టింది. పొట్టు ఊదేసి గింజ ఉంచుకోవచ్చా అని అది అడుగుతోంది. నేను పెరుగు కలుపుకుంటూ, "సగం మానడం మానడం కాదమ్మా. పూర్తిగా మాను. నువ్వు మానితే మిగతావాళ్ళూ మానుతారు," అన్నాను. అది నా మాట విన్నది. దానికి నేనంటే గురి. మర్నాడు గోడౌనులో మిగతా పిల్లలు జంకుతుంటే, "ఏమీ కాదు లేవే, అంతా మూఢనమ్మకమని మా మామ పుస్తకంలో రాసినాడు," అని తనే ముందుగా కడ్డీ ఎక్కిందట. తర్వాత ఆ నెలంతా ఆర్మేనియా సారు ఒక్కో పిల్ల ఎక్కేముందు చేతులు వెనక్కి కట్టుకుని, ఊరికే తిరుగుతున్నట్టు నాలుగు మూలలకూ నడిచి, వెనకచేత్తో తీగలు తాకి వచ్చేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పెద్దవాళ్ళను మార్చడం కష్టమని ఆయన మీద జాలిపడ్డాను కూడా.

ఏప్రిల్ నెల. కడప నుంచి మా సంఘం మిత్రులు ఇద్దరు వచ్చారు. నా వ్యాసం చదివి, ఆ వ్యాయామశాల చూడాలన్నారు. పట్టపగలు మూడు గంటలకు తీసుకువెళ్ళాను. రేకుల కింద లోపల గాలి కూడా కాలుతోంది. పిల్లలు నలుగురే ఉన్నారు. ఆర్మేనియా సారును పక్కన కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాను. "మా మేనకోడలు చేసి చూపిస్తుంది, చూడండి," అన్నాను మిత్రులతో. అది నవ్వుతూ చేతులకు పొడి రాసుకుంది. సారు టీ గ్లాసు కింద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని లేచాడు. ఎందుకు లేచాడో నాకు తెలుసు. మిత్రుల ముందు ఆ ప్రదక్షిణ నాకు నామోషీ అనిపించింది. ఆయన మణికట్టు పట్టుకుని, "కూర్చోండి సార్, టీ చల్లారిపోతుంది," అన్నాను. ఆయన నా మొహం చూశాడు. అతిథుల వైపు చూశాడు. మర్యాద తెలిసిన మనిషి, కూర్చున్నాడు. పిల్ల ఎగిరి పల్లపు కడ్డీ పట్టుకుంది, ఊగి ఎత్తు కడ్డీకి మారింది, రెండు ఊపులు ఊగింది. మూడో ఊపులో కుడివైపు వెనక మూల నాపరాయి కొక్కెంతో సహా పైకి లేచింది. కడ్డీ ఒక పక్కకు ఒరిగింది. దాని చేతులు ఖాళీ గాలిని పట్టుకున్నాయి. ఆయన కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో నేను చూడలేదు. టీ గ్లాసు పగిలిన చప్పుడు మాత్రం విన్నాను.

పొద్దున డ్రిల్లు సారు నాలుగు తీగలూ చూశాడు. గట్టిగానే ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆ వేడికి తీగ సాగి వదులైంది. సాగిన తీగ ప్రతి ఊపుకూ లాగి వదిలి, లాగి వదిలి, రాయిని దాని గూట్లో కదిలించింది. పూటకు ఇరవైసార్లు ఎందుకు చూడాలో దానికి జవాబు ఇదే. వేడికి లోహం సాగుతుందని ఆ నెలలోనే కదా పిల్లలకు రివిజన్ చేయించాను. బోర్డు మీద బొమ్మ కూడా గీశాను.

పిల్లకు ఎడమ మోచెయ్యి రెండు చోట్ల విరిగింది. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. జడ వేసుకోవడానికి, పుస్తకం పట్టుకోవడానికి సరిపోయింది, కడ్డీకి సరిపోలేదు. ఎడమ చెయ్యి ఈ రోజుకీ పూర్తిగా చాచలేదు. మా చెల్లెలు కోడుమూరు నుంచి వచ్చి ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుంది. "అన్నా, ఆ తెల్లాయన్ను ఎవర్నీ ఏమీ అననీయొద్దు. బిడ్డ తల నేలకు తగలకుండా కింద చేతులు పెట్టినాడంట. ఆయన వేళ్ళు రెండు విరిగినాయి, ఎవరన్నా చూసినారా?" అంది. నేను చూడలేదు. వారం తర్వాత కమిటీ కూర్చుంది. ఎవరో ఒకరి తప్పు కావాలి. కోచ్ ఎదురుగా ఉండగా జరిగింది కాబట్టి కోచ్ అజాగ్రత్తే, ఆయన్ను తీసేయాలి అన్నారు. నేను కార్యదర్శిని, తీర్మానం నా చేతిరాతలోనే ఉంది. అక్షరాలు కూడా వంకరపోలేదు. డ్రిల్లు సారు దాన్ని హిందీలో చదివి చెప్తే ఆర్మేనియా సారు కట్టు కట్టిన చేత్తో సంతకం పెట్టి, ఒక మాటన్నాడు. నాకు అర్థం కాక డ్రిల్లు సారును చూశాను. ఆయన నా కళ్ళలోకి చూడకుండా, "నేను టీ తాగకుండా లేచి పోవాల్సింది, అంటాండాడు," అని చెప్పాడు.

ఆ మధ్యాహ్నం గోడౌనులో ఆయన మణికట్టు పట్టుకున్నది ఎవరో, ఆయన కాక, పెద్దవాళ్ళలో ముగ్గురికి తెలుసు. కడప మిత్రులిద్దరూ మర్యాదస్తులు, ఎన్నడూ ఎత్తలేదు. మూడోవాణ్ణి నేను. నా మనసులో ఒకటే లెక్క తిరిగింది: నేను ఒప్పుకుంటే బాబాల మనుషులంతా పండగ చేసుకుంటారు, ఉద్యమానికి చెడ్డపేరు వస్తుంది, కాబట్టి సత్యం కోసమే సత్యం దాచాలి. ఇంత చక్కటి కుతర్కాన్ని ఏ బాబా నోటా నేను వినలేదు.

ఆయన డోన్‌లో రైలెక్కి వెళ్ళిపోయాడు. పిల్లలు ఎండు జొన్నరొట్టెల మూట కట్టిచ్చారట. సాగనంపడానికి డ్రిల్లు సారు వెళ్ళాడు, నేను వెళ్ళలేదు. ప్లాట్‌ఫారం మీద రైలు ఆలస్యమైతే ఆయన అంతకు ముందెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడట. తొమ్మిదేళ్ళప్పుడు తన జతగాడు కడ్డీ మీద ఉండగా కొక్కెం ఊడిందనీ, ఆ పిల్లవాడు మళ్ళీ నడవలేదనీ, మర్నాటి నుంచి వాళ్ళ టీచరు తీగలు తాకందే ఎవర్నీ కడ్డీ ఎక్కనివ్వలేదనీ. కర్నూలు పిల్లలు కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టినప్పుడు ఆయన సంతోషపడ్డాడట. "ముద్దుగా చేసేదాన్ని పిల్లోళ్ళు మర్చిపోరు," అన్నాడట. ఏడాదిన్నర తర్వాత డ్రిల్లు సారుకు ఒక ఉత్తరం వచ్చింది, లోపల ఒక ఫోటో. సొంత ఊళ్ళో మళ్ళీ వ్యాయామశాల తెరిచారు, ఈయనే కోచ్. మందపాటి స్వెట్టర్లు వేసుకున్న పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ముందున్న పిల్ల ఒక చెయ్యి తీగ మీద ఆనించింది, రెండో పిల్ల వేళ్ళు కళ్ళకద్దుకుంటోంది. "ఆ దేశంలో ఈ అలవాటు లేదు సార్. ఇది మన పిల్లోళ్ళది," అన్నాడు డ్రిల్లు సారు. ఫోటో నా చేతికి ఇచ్చి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాతి ఏడు కర్నూలును ముంచిన వరదలో మా ఇల్లూ మునిగింది. నీళ్ళు తీశాక పాత పత్రికల కట్టలన్నీ బురద ముద్దలై దొరికాయి. ఆ వ్యాసం వచ్చిన సంచిక కోసం నేను వెతికాను. దొరికింది. ఒక్క అక్షరం కూడా చదవడానికి రాలేదు. ఊరు ఊరంతా గుడ్డా గిన్నే పోయి ఏడుస్తుంటే, నా గుండె మాత్రం కొంచెం తేలికపడింది. ఇది కూడా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే దీన్ని దాచి మిగతాది చెప్తే మళ్ళీ సగమే చెప్పినట్టు.

మేనకోడలు ఇప్పుడు డోన్ దగ్గర ఒక బళ్ళో వ్యాయామం చెప్తోంది. రెండేళ్ళ కింద ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. బడి వెనక చింతచెట్టు పక్కన రెండు కంబాలు పాతి, కడ్డీ బిగించి, నాలుగు తీగలు లాగింది. నేల లోతుగా తవ్వించి కాంక్రీటు పోయించిందని చూడగానే తెలిసింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, నాలుగు తీగలూ తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని ఎక్కుతున్నారు. నేను చింతచెట్టు కింద నిలబడి చూశాను. అదే అంది, నా వైపు తిరక్కుండా, పిల్లలనే చూస్తూ: "మామా, ఉత్తగా ముట్టుకోవచ్చా అని నేను ఆ పొద్దు అడిగింటి గదా. నీకు గుర్తుండాదా?" గుర్తుందన్నాను. "నువ్వు వద్దంటివి. పోనీలే. వీళ్ళు ఎట్లన్నా ముట్టుకోనీ, ముట్టుకుంటే చాలు," అంది. తర్వాత ఒక పిల్లను, "ఏమే, నాలుగోది వదిలేస్తివి. మళ్ళా పో," అని వంగిన ఎడమ చేత్తో వెనక్కి పంపింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కోడుమూరు సభలో ఆ రోజు ఇదంతా చెప్పాలనుకున్నాను. షామియానా మనిషి చివరి తాడు చూసి, బీడీ ముట్టించుకుని వెళ్ళిపోయాడు. ఐదింటికి జనం వచ్చారు. మైకు ముందు నిలబడ్డాను. నోరు తెరిస్తే పాత ఉపన్యాసమే వచ్చింది, కర్పూరం, విభూతి, తులసి, ఆక్సిజన్, అన్నీ వరసగా. చప్పట్లు బాగా పడ్డాయి. మా చెల్లెలు ముందు వరసలో కూర్చుని ఉంది. తను మాత్రం చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. అందుకని ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. తీర్మానం రాసిన చేతిరాతతోనే రాస్తున్నాను: ఆ అజాగ్రత్త ఆయనది కాదు, నాది. వేడికి సాగిన ఇనుము చల్లబడితే తిరిగి తన పొడవుకు వస్తుందని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఆ ఏప్రిల్ మధ్యాహ్నం మాత్రం పద్దెనిమిదేళ్ళుగా సాగుతూనే ఉంది, ఎన్ని సాయంత్రాలు చల్లబడినా ఒక్క వెంట్రుకవాసి కూడా వెనక్కి రాలేదు.